నడవలో దీపాలు కట్టే ముందు

నాలుగేళ్ల కిందట పాలమూరు వైపు ఒక ఊళ్లో, దొరల కాలం నాటి పాత గడి దర్వాజా నడవలో నేనొక ఇన్‌స్టలేషన్, అంటే నడిచేవాళ్ల చుట్టూ అల్లుకునే కళారూపం, కట్టాను. మనిషి లోపలికి అడుగుపెడితే గోడల వెంట దీపాలు వరుసగా వెలిగేవి, కమాను కింద నుంచి డప్పు మోగేది. మొదటి సాయంత్రం పిల్లలు కేరింతలు కొట్టారు, పెద్దలు భుజం తట్టారు. చీకటి పడ్డాక తల మీద గడ్డిమోపుతో ఒక అవ్వ వచ్చింది. దీపాలు భగ్గుమనగానే ఆగిపోయింది. మోపు ఒక పక్కకు జారింది. ఒక చేత్తో దాన్ని, మరో చేత్తో గోడను పట్టుకుని, వెనక్కి తిరిగి చెరువుగట్టు మీది చుట్టుదారిన ఇంటికి వెళ్లింది. మర్నాడూ అంతే. మూడో రోజు ఎదురెళ్లి అడిగాను. "నేను దాన్ని చూడటానికి వస్తున్నానా బిడ్డా? ఇంటికి పోతున్నాను" అంది.

ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఆ మాట దగ్గరే మొదలవుతాయి. ప్రదర్శనశాలకు వచ్చేవాళ్లు చూడాలని వస్తారు. నడవలో నడిచేవాళ్లు ఎక్కడికో వెళ్తుంటారు. వాళ్ల దారికి మనమే అడ్డం వెళ్తున్నాం.

పైగా మన దగ్గర కాలం కలిసిరాదు. ఇలాంటివి ఎక్కువగా బతుకమ్మ, దసరా రోజుల కోసమే అనుకుంటారు. నైరుతి రుతుపవనాలు జూన్‌లో తెలంగాణలోకి వచ్చి అక్టోబరు దాకా ఉంటాయి. బతుకమ్మ మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. అంటే కట్టేది వానలో, చూపేది చీకట్లో. అమావాస్యకు చందమామ సాయం కూడా ఉండదు.

ముందు అరుగు మీద కూర్చోండి

స్కెచ్ గీయకముందే ఆ నడవ పక్కన మూడు రోజులు కూర్చోండి. ఒకటి మామూలు రోజు, ఒకటి అంగడి రోజు, ఒకటి రాత్రి పూట. ఎవరు వెళ్తున్నారో, చేతుల్లో, తల మీద ఏముందో కాగితం మీద రాసుకోండి. నా లెక్కలో మేకల మంద, ఇద్దరు ఎక్కిన బైకులు, పాల క్యాన్లు, చేతికర్రతో వచ్చే ఒక చూపులేని పెద్దాయన, బడి పిల్లలు ఉన్నారు. రెండో రోజు మధ్యాహ్నం ఒక పాడె వెళ్లింది. ముందు డప్పులు, వెనక ఏడుపులు. నా డ్రాయింగుల్లో పాడెకు జవాబు లేదు. మనిషి వస్తే రంగురంగుల దీపాలు వెలగాలని రాసుకున్న ప్రోగ్రాముకు శవయాత్ర అని ఎలా తెలుస్తుంది?

ఎత్తు విషయంలో చాలామంది తలుపు ఎత్తు చూసి లెక్క వేస్తారు. మన దగ్గర అది చాలదు. అయిదున్నర అడుగుల మనిషి తల మీద బోనం కుండ, దాని పైన చిన్న గిన్నె, ఆ పైన వెలిగే దీపం. అన్నీ కలిపితే ఏడు అడుగులు దాటుతుంది. పెద్ద బతుకమ్మను నెత్తిన పెట్టుకుని వచ్చినా అంతే. పీర్ల పండుగలో ఊరేగే పీర్ల సవారీ ఇంకా ఎత్తు. కాబట్టి పది అడుగుల కిందికి ఏదీ వేలాడకూడదన్నది నా నియమం. అందులోనూ గుడ్డగానీ కాగితంగానీ అసలే వద్దు. ఎందుకంటే కింద నడిచి వచ్చేది నిప్పు.

వెడల్పు సంగతి చెప్పాలంటే, ఎంత ముచ్చటైన వస్తువు పెట్టినా మధ్యలో నాలుగడుగుల దారి ఖాళీగా మిగలాలి. చక్రాల కుర్చీ, స్ట్రెచర్ ఆగకుండా వెళ్లాలి. చేతికర్రతో వెతుక్కునేవాళ్లకు గోడ నుంచి ముందుకు పొడుచుకువచ్చే వస్తువు కిందిదాకా ఉంటే తగులుతుంది. నడుము ఎత్తులో మాత్రమే ఉంటే కర్ర దాని కింది నుంచి వెళ్లిపోతుంది, దెబ్బ మనిషికి తగులుతుంది.

సెన్సర్‌ను నమ్మకండి

అందరూ మొదట కొనేది పీఐఆర్ అనే, కదలికను పసిగట్టే సెన్సర్. చవక, దొరుకుతుంది. అది మనిషిని చూడదు. మనిషి ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ మధ్య తేడా కదలడాన్ని పసిగడుతుంది. మన ఒంటి చర్మం వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. నల్లగొండలో మే నెలలో ఎండ 43 దాటిన రోజున, రాతిగోడ పగలంతా తాగిన వేడిని సాయంత్రం కక్కుతూ ఒంటి వేడికి దగ్గరగా దిగే గంటల్లో, ఆ సెన్సర్ ముందు నుంచి పెళ్లి ఊరేగింపు వెళ్లినా దానికి కనబడకపోవచ్చు. అదే వానాకాలంలో చల్లగాలి ఒక్కసారి విసిరితే ఎవరూ లేకుండానే వెలుగుతుంది.

అల్ట్రాసోనిక్ సెన్సర్ మన చెవికి వినబడని శబ్దాన్ని పంపి, అది తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. గాలిలో శబ్దం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ తేడా సరిచేయకపోతే మూడు మీటర్ల దూరంలో పది సెంటీమీటర్లు తప్పుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మెత్తటి బట్ట. అది శబ్దాన్ని మింగేస్తుంది. ప్యాంటు వేసుకున్న నన్ను చక్కగా పట్టుకున్న సెన్సర్, కొంగు నిండుగా కప్పుకుని నడిచిన అమ్మను పట్టుకోలేదు. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో పనిచేసేవి పడమటి ఎండ నేరుగా పడితే తికమకపడతాయి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా.

అందుకే ఏ సెన్సర్ వాడినా అది పనిచేయనప్పుడు ఏమవుతుందో ముందు తేల్చుకోండి. నడవలో ఎప్పుడూ ఒక మామూలు దీపం వెలుగుతూ ఉండాలి. సెన్సర్ చచ్చిపోతే చీకటి కాకూడదు. ఎండలోంచి లోపలికి వచ్చినవాడి కళ్లు మసక వెలుతురుకు అలవాటు పడటానికి నిమిషాలు పడుతుంది, గడప రాయి ఆ లోపే తగులుతుంది. గడప అంచున తెల్లటి గీత గీయండి, అందం చెడితే చెడనివ్వండి.

వెలుగు ఒక్కసారిగా రాకూడదు. రెండు మూడు సెకన్లలో మెల్లగా పెరిగి, అలాగే తగ్గాలి. మిలమిల మెరిసే దీపాలు సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ మెరవనివ్వకండి. మూర్ఛ వ్యాధి ఉన్న కొందరికి అలాంటి మెరుపులే ఫిట్స్ తెప్పిస్తాయి. బైకు నడిపేవాడి కళ్లలోకి ఏ దీపమూ పడకూడదు.

శబ్దం గురించి ఒక్క మాట. రెండు రాతిగోడల మధ్య డప్పు దెబ్బ ఒకటి కొడితే నాలుగు వినిపిస్తాయి. గదిలో బాగుందనిపించిన వాల్యూమ్‌ను నడవలో సగానికి తగ్గించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలుగా బయలు ప్రదేశంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు.

అవ్వ మాట విన్న తర్వాత నేను డప్పు తీసేశాను, సెన్సర్లు తీసేశాను. ఒక పక్క కిటికీ జాలీ వెనక, కంట్లో పడనంత కిందగా, ఒకే ఒక దీపం ఉంచాను. నడిచేవాళ్ల నీడ ఎదుటి గోడ మీద పెద్దగా పడేది. పిల్లలు ఆ నీడలతోనే లేడినీ పులినీ ఆడించారు. నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. కారణం, నేరుగా వచ్చే ఎండను కాకుండా చెదిరి లోపలికి వచ్చే వెలుతురును స్తంభాల మధ్య నుంచి రానిచ్చారు. శతాబ్దాల కిందటి పని, ఒక్క ప్లగ్గు కూడా లేదు.

కరెంటు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మనిషి చెయ్యి అందే ఎత్తులో 230 వోల్టులు ఉండకూడదు. దీపాలన్నీ 24 వోల్టుల డీసీ మీద నడపండి. అడాప్టర్లను చెయ్యి అందని ఎత్తులో తాళం వేసిన పెట్టెలో ఉంచండి. 12 వోల్టులవి ఎందుకు వద్దంటే, వైరు పొడవు వల్ల. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీద ఇరవై మీటర్ల దూరానికి 60 వాట్ల దీపాలు పెట్టారనుకోండి. 12 వోల్టుల దగ్గర అయిదు ఆంపియర్లు పారి, రానూపోనూ దారిలోనే దాదాపు రెండున్నర వోల్టులు కరిగిపోతాయి. చివరి దీపాలు జ్వరం వచ్చినట్టు ఉంటాయి. 24 దగ్గర అదే పనికి పోయేది ఒకటింబావు లోపే.

కరెంటు వచ్చే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. "ఎంసీబీ ఉంది కదా" అంటారు. ఎంసీబీ మోతాదుకు మించి కరెంటు పారితే పడిపోయి వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ఒంటి గుండా భూమిలోకి కరెంటు పారుతుంటే కనిపెట్టి ఆపేది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. ప్రదర్శన ఉన్నన్ని రోజులూ దీపాలు వేసే ముందు దాన్ని నొక్కండి. పడిపోకపోతే ఆ రోజు ప్రదర్శన లేదు.

ఎర్తింగ్ మన నేలలో తేలిక కాదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలాచోట్ల మూడడుగులు తవ్వితే బండ తగులుతుంది. పొడి నేల కరెంటును సరిగ్గా మింగదు. ఎలక్ట్రీషియన్ బొగ్గు, ఉప్పు వేసి గుంత పూడ్చాక మీటరుతో కొలిచి చూపించమనండి. వానలు లేని వారాల్లో ఆ గుంతలో నీళ్లు పోయించండి. స్తంభం మీద కొక్కెం వేసి కరెంటు తీసుకోవడం పండగ రోజుల్లో మామూలే అంటారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. విద్యుత్ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి.

వైరు పెట్టెలోకి పై నుంచి కాకుండా కింది నుంచి వెళ్లాలి. వెళ్లే ముందు చిన్న వంపు వేలాడనివ్వండి. వైరు వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. టేపు చుట్టిన జాయింట్లు వానకు నిలవవు. బయట పెట్టే దీపాలు కనీసం ఐపీ65 రకంవి, అంటే దుమ్మూ నీటి జల్లూ లోపలికి పోనివి, కొనండి. తాకితే పలికే గోడ పెట్టాలనుకుంటే దాన్ని బ్యాటరీ మీదనే నడపండి. వానలో తడిసి వచ్చిన చెయ్యి, తడిసిన షాబాదు బండ మీద ఒట్టి కాళ్లు, అలాంటి మనిషిని "తాకు" అని మనమే పిలుస్తున్నాం.

ఎవరికైనా షాక్ తగిలితే ముట్టుకోకండి. మెయిన్ ఆపి, ఆ తర్వాతే దగ్గరికి వెళ్లి, 108కి ఫోను చేయండి. ఈ సంగతి పనిచేసే ప్రతి కుర్రవాడికీ కట్టడం మొదలుపెట్టిన రోజే చెప్పాలి.

గోడ మనది కాదు

పాత గడులు డంగు సున్నంతో కట్టినవి. డ్రిల్ పెడితే చిన్న రంధ్రంతో ఆగదు, పెచ్చు ఊడుతుంది, వానకు లోపలికి నీరు దిగుతుంది. గోడకు తగలకుండా తన కాళ్ల మీద తాను నిలబడే ఇనుప చట్రం చేయించుకోండి. అడుగున ఇసుక బస్తాలు వేయండి. అనుమతి సంగతి ముందే చూసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలు నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. రాష్ట్ర పరిధిలోని కట్టడాలకు 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. ఆలంపురం లాంటి చోట తాత్కాలికమే కదా అని మేకు కొట్టినా మాట పడాల్సి వస్తుంది. పడాలి కూడా.

ఇరుకు దారిలో గాలి వేగం పుంజుకుంటుంది. ఒకసారి నారాయణపేట నేత బట్టను పొడవాటి పట్టీలుగా వేలాడదీశాను. సాయంత్రం ఈదురుగాలికి అవన్నీ మెలిపడి తాడైపోయి ఒక సైకిల్ హ్యాండిల్‌ను చుట్టుకున్నాయి. అదృష్టం, పిల్లవాడు దిగి తోసుకుంటూ వస్తున్నాడు. అప్పటి నుంచి, నిప్పు నడవని దారిలో బట్ట కట్టాల్సి వచ్చినా అయస్కాంతాలతోనే బిగిస్తున్నాను. గట్టిగా లాగితే ఊడి చేతికి వచ్చేస్తుంది.

మనకన్నా ముందే ఉన్నవాళ్లు

తొలి వానలకు ఉసిళ్లు లేస్తాయి. తెల్లటి దీపం కనబడితే వేలల్లో వచ్చి పడతాయి. సెన్సర్ కన్ను మూసుకుపోతుంది, రాలిన రెక్కలతో తడి బండలు జారుతాయి, వాటి కోసం బల్లులు, కప్పలు వస్తాయి, కప్పల కోసం ఇంకేదో వస్తుంది. పసుపు ఛాయ దీపాలకు పురుగులు తక్కువ చేరతాయి. ఉసిళ్లు లేచిన సాయంత్రం అరగంట దీపాలు ఆర్పేయడమే తెలివి.

కమాను కింద తేనెపట్టు ఉందేమో పగలు చూడండి. పెద్ద తేనెటీగలు రాత్రి దీపానికి ఎగిరి వస్తాయి, స్పీకరు అదురుకు రెచ్చిపోతాయి. పట్టు ఉంటే పొగపెట్టే సాహసం మీరు చేయకండి. తేనె తీసే పని తెలిసినవాళ్లను, నల్లమల దగ్గరైతే చెంచులను, అడగండి. వాళ్లు వద్దంటే ఆ నడవ వదిలేయండి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. వానకు తేళ్లు పొడి చోటు వెతుక్కుంటాయి. పెట్టెల్లో చీమలు చేరకుండా వైరు వెళ్లే రంధ్రాలు మూసేయండి. చిన్న పనే, కానీ నా అడాప్టర్లు రెండు చీమల వల్లే పోయాయి.

స్విచ్చు ఎవరి దగ్గర

అన్నింటినీ ఒకే దెబ్బకు ఆపే స్విచ్చు ఒకటి పెట్టండి. ఆపితే రంగులు, శబ్దాలు పోయి మామూలు దీపం మాత్రం మిగలాలి. ఆ స్విచ్చు మీ జట్టులో ఎవరి దగ్గరా ఉండకూడదు. రాత్రి ఏడింటికి మీరు టిఫిను తినడానికి వెళ్తారు. రోజంతా అక్కడే ఉండేవాళ్లకు ఇవ్వండి. నా రెండో గడి పనిలో ఎదురుగా మిర్చి బజ్జీలు వేసే ఆయనకు చూపించాను. దూరాన పాడె ముందు డప్పు వినబడగానే ఆయన జల్లిగరిటె మూకుడు అంచున ఆనించి, చెయ్యి తుడుచుకుని, లేచి వెళ్లి ఆపేసేవాడు. ఊరేగింపు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత మళ్లీ వేసి, మాడిన వాయిని పక్కకు తీసేవాడు.