ఇంట్లో పెరిటోనియల్ డయాలిసిస్: బ్యాగు ఎలా మార్చాలి? నీరు కలకగా వస్తే ఏం చేయాలి?

కుప్పం, పలమనేరు వైపు పల్లెల్లో ఉంటూ తిరుపతి ఆసుపత్రుల్లో చూపించుకునే కిడ్నీ రోగులకు, రక్త డయాలిసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు వచ్చిపోవడమే పెద్ద భారం. అలాంటివారిలో కొందరికి వైద్యులు పొట్ట డయాలిసిస్, అంటే పెరిటోనియల్ డయాలిసిస్, సూచిస్తారు; యంత్రం లేకుండా చేతులతో చేసుకునే ఈ పద్ధతిని సీఏపీడీ అంటారు. పొట్టలోకి మెత్తని పైపు అమర్చి, దాని ద్వారా సుమారు రెండు లీటర్ల గ్లూకోజు ద్రావణాన్ని లోపలికి పంపుతారు. అది నాలుగు నుంచి ఆరు గంటలు ఉండి, పేగులను కప్పి ఉన్న పొర గుండా రక్తంలోని వ్యర్థాలనూ అదనపు నీటినీ లాగుకొంటుంది. రోజుకు మూడు నాలుగుసార్లు పాత నీటిని వదిలి కొత్తది నింపాలి. ఈ పనిని ఆసుపత్రిలో నర్సు ముందు మీ చేతులతో చేసి చూపించి, ఆమె సరేనన్న తరువాతే ఇంట్లో మొదలుపెట్టాలి.

ముందుగా గది తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపండి. మే నెలలో తిరుపతి ఎండకు ఆ అరగంట ఉక్కపోత కష్టమే, కానీ గాలికి లేచే దుమ్ము పైపు మొనమీద పడటం అంతకన్నా ప్రమాదం. బల్ల తుడిచి, కొత్త బ్యాగు గడువు తేదీని, గ్లూకోజు శాతాన్ని (1.5, 2.5 లేదా 4.25) చూసి, గట్టిగా నొక్కి ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకోండి. బ్యాగును వేడినీళ్లలో ముంచకుండా, పొడి వేడితో గోరువెచ్చగా చేయాలి. మాస్కు కట్టుకొని, గాజులు, ఉంగరాలు తీసి, వేళ్ల సందులూ గోళ్లూ వదలకుండా సబ్బుతో చేతులు కడిగి, శుభ్రమైన బట్టతో పూర్తిగా తుడుచుకోండి.

అసలు జాగ్రత్త కావలసింది మూత తీసి పైపును బ్యాగు గొట్టానికి కలిపే కొద్ది క్షణాలలో. ఆ మొన వేలికి గానీ, చీర కొంగుకు గానీ తగిలితే కలపకండి. పైపు క్లాంపు మూసి ఉంచి, వెంటనే డయాలిసిస్ నర్సుకు ఫోను చేయండి. సవ్యంగా కలిపాక పాత నీటిని కిందనున్న ఖాళీ బ్యాగులోకి వదలండి, ఇరవై నిమిషాలు పట్టవచ్చు. తరువాత పొట్టవైపు క్లాంపు మూసి, కొత్త ద్రావణాన్ని కొన్ని సెకన్లు ఖాళీ బ్యాగులోకే పారించాలి. గొట్టంలోని గాలీ, చేరి ఉంటే సూక్ష్మజీవులూ దానితో కొట్టుకుపోతాయి కాబట్టి ఎంత తొందరలో ఉన్నా దీన్ని వదలకూడదు. ఆ తరువాతే పొట్టలోకి నింపి, గొట్టం విడదీసి, కొత్త మూత పెట్టాలి.

బయటికి వచ్చిన నీటిని తూచి, మీ బరువు, బీపీలతో పాటు పుస్తకంలో రాయండి. నీరు తక్కువగా వస్తే ముందు మలబద్ధకం ఉందేమో చూడండి, నిండిన పేగు పైపును పక్కకు నెట్టడం సాధారణం. కాళ్లవాపు, ఆయాసం ఉంటే వైద్యుడికి చెప్పాలి. మధుమేహం ఉన్నవారికి ద్రావణంలోని గ్లూకోజు వల్ల చక్కెర పెరుగుతుంది. ఆ నీటితో ప్రోటీన్ కూడా పోతుంది కనుక గుడ్డు, చేప, పప్పు ఎంత తినాలో అడిగి తెలుసుకోండి. పైపు బయటికి వచ్చే చోట ఎరుపు, చీము ఉన్నాయేమో రోజూ గమనించండి.

ఇక అన్నిటికన్నా భయపడవలసింది పెరిటోనైటిస్, అంటే పొట్టలోని ఆ పొరకు సూక్ష్మజీవులు సోకి వాచడం. వదిలిన నీటి బ్యాగును దినపత్రిక మీద పెట్టి చూడండి: తేటగా ఉంటే అక్షరాలు చదవగలరు, గంజిలా కలకగా ఉంటే చదవలేరు. కడుపునొప్పి, జ్వరం లేకపోయినా సరే, కలక కనిపించిన వెంటనే, అది రాత్రయినా, ఆసుపత్రికి బయలుదేరండి. ఆ బ్యాగును పారబోయకుండా వెంట తీసుకెళ్లండి, ఏ సూక్ష్మజీవో తేల్చే పరీక్షకు అదే ఆధారం. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్రలు ముందే మింగితే ఆ పరీక్షలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. సాధారణంగా యాంటీబయాటిక్‌ను డయాలిసిస్ ద్రావణంలోనే కలిపి రెండు మూడు వారాలు ఇస్తారు. సరైన మందు ఇస్తున్నా ఐదు రోజులకు నీరు తేటపడకపోతే సాధారణంగా పైపు తీసివేసి, రోగిని రక్త డయాలిసిస్‌కు మారుస్తారు.