దోమ ఏ టైములో కుట్టింది?

ఇంట్లో దోమలని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఇదే. పగలా, రాత్రా? కాయిల్ వెలిగించాలా, లిక్విడ్ పెట్టాలా అన్నది తర్వాతి మాట. టైము తెలిస్తే అవి పుట్టే నీళ్లెక్కడున్నాయో సగం తెలిసినట్టే.

పగలే కుడుతున్నాయి, అదీ కాళ్ల మీద

పొద్దున టిఫిన్ వేళ, మళ్లీ పొద్దుగూకే ముందు, బల్ల కింద పిక్కల మీద కుడుతుంటే అది ఈడిస్. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్ల చారలు. డెంగీ, చికున్‌గున్యా అంటించేది ఇదే. దీనికి మురుగు కాలువ అక్కర్లేదు, నిలవ ఉన్న శుభ్రమైన నీళ్లు చాలు. ఎక్కువ దూరం ఎగరదు కూడా. అంటే ఆ నీళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్నాయి.

మా ఇంట్లో ఒక వానాకాలం ఇలాగే అయింది. కుండీల కింద పళ్లేలు తీసేశాం, కూలర్ ఎండబెట్టాం, మేడ మీద కొబ్బరి చిప్పలు ఏరేశాం. తగ్గలేదు. చివరికి ఫ్రిజ్ ముందుకు జరిపి, వెనక కంప్రెసర్ మీదుండే ట్రే చూస్తే అంగుళం లోతు నీళ్లు. టార్చి వెలుగు పడగానే లార్వాలన్నీ వంకర్లు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. ఫ్రిజ్ కొని నాలుగేళ్లయింది, అలాంటి ట్రే ఒకటుందనే మాకు తెలియదు.

గుడ్డు దోమ కావడానికి మన ఎండలకు వారం, పది రోజులు చాలు. వారానికోసారి ‘డ్రై డే’, అంటే నిలవ నీళ్లన్నీ వంచేసి పాత్రలు ఎండబెట్టే రోజు, పాటించమనేది అందుకే. కానీ నీళ్లు వంచేస్తే పని అయిపోదు. ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. కాబట్టి డ్రమ్ము, కూలర్ పీచుతో గట్టిగా రుద్దండి. వంచడానికి వీల్లేని సంపుకు మూత బిగించండి, మూత సరిగా పట్టకపోతే గుడ్డ కట్టండి. ఫాగింగ్ బండి వచ్చింది కదా అని ఊరుకోకండి. ఆ పొగ ఎగిరే దోమలకే, నీళ్లలో లార్వాకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

లైటు తీయగానే చెవి దగ్గర గుయ్యిమంటోంది

ఇది ఎక్కువగా క్యూలెక్స్, మురుగు నీటి దోమ. బోదకాలు అంటించేది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం పైకి ఎక్కి చూడండి, చాలా ఇళ్లల్లో అది తెరిచే ఉంటుంది. చిన్న నెట్ ముక్క చుట్టి తీగతో కట్టండి. మ్యాన్‌హోల్ మూత చుట్టూ సందులుంటే సిమెంటు పూయించండి. కిటికీలు చీకటి పడ్డాక కాదు, పడకముందే వేసుకోవాలి. గోడ మీద తోక పైకెత్తి ఏటవాలుగా వాలేది మాత్రం అనాఫిలిస్, మలేరియా దోమ. 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమిని చూసింది దీని కడుపులోనే.

వంటింట్లో బొద్దింకలు

సైజు చూడండి. బొటనవేలంత ఉండి ఎర్రగా ఉంటే అది డ్రైనేజీ నుంచి వచ్చింది, జాలీ మారిస్తే చాలావరకు తగ్గుతాయి. గోరంత ఉండి, లేత గోధుమ రంగులో, మెడ మీద రెండు నల్ల గీతలుంటే జర్మన్ బొద్దింక. అది అట్టపెట్టెల్లోనో సామాన్లతోనో వచ్చి మిక్సీ అడుగున, ఫ్రిజ్ రబ్బరు మడతల్లో, కబోర్డు హింజుల్లో కాపురం పెడుతుంది. స్ప్రే కొడితే చెల్లాచెదురై పక్క గదులకు పోతుంది. దీనికి జెల్ మందే సరైనది. కందిగింజంత చుక్కలు ఆ సందుల్లో పెట్టండి. మళ్లీ అక్కడే స్ప్రే కొట్టారో, జెల్ ముట్టుకోవు. ఒక్కో గుడ్ల సంచిలో 30, 40 గుడ్లుంటాయి కనుక రెండు, మూడు వారాలకు ఇంకోసారి పెట్టాలి. రాత్రి సింకు తుడిచి ఆరబెట్టండి. తిండి లేకపోయినా చాలా రోజులు ఓర్చుకుంటుంది గానీ నీళ్లు లేకపోతే అన్నాళ్లు ఉండలేదు.

బాత్రూమ్ గోడకు బూజు రంగు చిన్న ఈగలు

డ్రెయిన్ గొట్టంలోని జిగురులో పుడతాయి. ఏ డ్రెయిన్ అన్నది తేలాలంటే రాత్రి జాలీకి అడ్డంగా, కాస్త సందు వదిలి, జిగురు కిందికి ఉండేలా టేపు అంటించండి. పొద్దున ఈగలు పట్టుకున్నదే దొంగ. ఫినాయిల్‌తో జిగురు కదలదు, పాత బ్రష్‌తో లోపలంతా గీకాలి.

బియ్యంలో ముక్కుపురుగు

జల్లెడ పట్టినా మళ్లీ వస్తుంది, గుడ్డు గింజ లోపలే ఉంటుంది కాబట్టి. పాత బియ్యం మీద కొత్తవి పోయకండి. రవ్వ, పప్పు కొంచెమే ఉంటే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి.

దుప్పటి మీద గోధుమ రంగు చుక్కలు, ఒంటి మీద వరసగా దద్దుర్లు

నల్లులు. పరుపు కుట్లు, మంచం కీళ్లు చూడండి. దుప్పట్లు మరిగే నీళ్లలో నానబెట్టి ఉతకండి. ఇదొక్కటి మాత్రం ఇంటి చిట్కాలతో తెగదు, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవాల్సిందే. మందు గుడ్లకు సరిగా పట్టదు కనుక రెండోసారి కూడా రావాలని ముందే రేటు మాట్లాడుకోండి.