కుట్టు చీము పట్టిందా? ముందు తేదీ చూడండి

కుట్టు చీము పట్టగానే ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) మనం మొదట అనే మాట, "పేషెంటుకి షుగర్ ఉంది" లేదా "ఇంటికెళ్లి తడిపేసుకుంది". ఒక్కోసారి నిజమే. కానీ చీము ఎన్నో రోజున వచ్చిందో చూస్తే, తప్పు మన దగ్గర ఎక్కడ జరిగిందో చాలావరకు దొరికిపోతుంది.

సమస్య: లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) కుట్లు బాగా మానాయి. మూడు నాలుగు వారాలకు పోర్టు (ఆ రంధ్రం) దగ్గర గట్టి గడ్డ, పల్చటి రసి. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగడం లేదు.

కారణం: ఇంత ఆలస్యంగా వస్తే నీళ్లలో బతికే మైకోబ్యాక్టీరియాను అనుమానించాలి. కేసుకీ కేసుకీ మధ్య ట్రోకార్ (పోర్టులో దూర్చే గొట్టం) విప్పకుండా గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు ముంచి, కుళాయి నీళ్లతో కడిగి ఇచ్చేస్తుంటాం. ఆ 20 నిమిషాలకు స్పోర్లు (కొన్ని క్రిముల గట్టి పెంకు రూపాలు) చావవు, 10 గంటలు పడుతుంది. పైగా కడిగిన నీళ్లలోనే క్రిములుంటే ముంచిందంతా వృథా. ఈ రోజే మీ ట్రోకార్ విప్పి, వాల్వు లోపల తెల్ల గాజుగుడ్డ పెట్టి తిప్పండి. గోధుమరంగు చార వస్తే అది నిన్నటి పేషెంటు రక్తం. దాని కింద దాక్కున్న క్రిమికి మందు తగలదు.

పరిష్కారం: ప్రతి కేసు తర్వాత పూర్తిగా విప్పి, గొట్టాల్లోకి బ్రష్ పెట్టి తోమి, ఆరబెట్టాలి. వేడికి తట్టుకునేవన్నీ ఆటోక్లేవ్‌కే (ఒత్తిడితో ఆవిరి పట్టే యంత్రం), మిగతావి ఈటీవోకి (ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి). రెండో సెట్టు కావాలని మేనేజ్‌మెంట్‌ను రాతపూర్వకంగా అడగండి. ఒకే సెట్టుతో వరసగా ఆరు కేసులు పెడితే ఏ టెక్నీషియనైనా తొందరపడతాడు. చీము ల్యాబ్‌కు పంపేటప్పుడు ఫారం మీద మీ అనుమానం రాయండి. ఈ క్రిములు పెరగడానికి వారం దాకా పట్టొచ్చు, మామూలు కల్చర్‌ను (క్రిములను పెంచి చూసే పరీక్షను) అంతకాలం ఉంచరు.

సమస్య: ఒకే రోజు ఆపరేషనైన ఇద్దరు ముగ్గురికి కొద్ది రోజుల్లోనే జ్వరం, చీము.

కారణం, పరిష్కారం: ఆటోక్లేవ్ చూడండి. ప్యాక్‌కు అంటించే ఇండికేటర్ టేపు మీద గీతలు నల్లబడితే వేడి తగిలిందనే అర్థం, లోపలి బట్ట స్టెరైల్ (క్రిమిరహితం) అయిందని కాదు. డ్రమ్ము (బట్టలు, పరికరాలు పెట్టే స్టీలు డబ్బా) కుక్కి నింపితే ఆవిరి మధ్యకు చేరదు. ప్యాక్ లోపల ఇండికేటర్ (రంగు మారే పట్టీ), వారానికి ఒకసారైనా స్పోర్ టెస్టు (స్పోర్లు చచ్చాయో లేదో చూసే పరీక్ష), ఏ డ్రమ్ము ఎవరికి వాడామో రిజిస్టర్‌లో ఎంట్రీ ఉండాలి. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. డ్రమ్ము మూత వేసే ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు.

సమస్య: మొదటి వారంలో చీము, అప్పుడొకటి ఇప్పుడొకటి.

కారణం, పరిష్కారం: ఇవి అలవాట్ల తప్పులు. యాంటీబయాటిక్ కోతకు ముందు గంటలోపు పడాలి. వెంట్రుకలు తీయడానికి రేజర్ మానేసి క్లిప్పర్ వాడాలి. కేసు నడుస్తుండగా తలుపు ఊరికే తెరవకూడదు. అయితే "సార్, మాస్కు ముక్కు కిందికి జారింది" అనడానికి జూనియర్ సిస్టర్‌కు భయం. అందుకే కేసు ఆపమనే అధికారం రోజుకొకరికి ఇవ్వండి. ఆ సంగతి మొదటి కేసుకు ముందే, అందరి ముందూ, పెద్ద సర్జన్ గారే చెప్పాలి.