కెర్నెల్ టైమర్లు – 4వ పాఠం: ఖాళీ చేసిన గదికి వచ్చిన బిర్యానీ

పోయిన పాఠంలో లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) టైమర్ పెట్టాం, అంటే ఇంతసేపయ్యాక మన ఫంక్షన్‌ను, అదే కాల్‌బ్యాక్‌ను, పిలవమని చెప్పాం. ఇవాళ దాన్ని ఆపుదాం. పెట్టడం ఎవరైనా పెడతారు, తంటా అంతా ఆపడంలోనే.

బెంగళూరు మారతహళ్లిలో పీజీ మారినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. యాప్‌లో పాత అడ్రస్ మార్చకుండా బిర్యానీ ఆర్డర్ పెడితే కుర్రాడు పాత గది తలుపే కొడతాడు. అప్పటికే అందులో ఎవరో దిగి ఉంటే బిర్యానీ వాళ్ల పాలు. కెర్నెల్ టైమర్ల క్యూలో ఉండేదీ ఉత్త అడ్రసే. టైమర్ ఉన్న మన స్ట్రక్చర్‌ను కేఫ్రీ చేశామని, అంటే దాని మెమరీని తిరిగి ఇచ్చేశామని, దానికి ఎవరూ చెప్పరు.

నా మొదటి డ్రైవర్‌లో నేనూ ఇదే చేశాను, టైమర్ ఆపకుండానే కేఫ్రీ. కాసేపటికి ఏ సంబంధమూ లేని చోట మెషిన్ పడిపోయేది. రెండు రోజులు నెట్‌వర్క్ కోడ్‌ను తిట్టుకున్నాను. స్లబ్ (కెర్నెల్‌లో మెమరీ పంచిపెట్టేది) డీబగ్ ఆన్ చేశాక చూస్తే రిజిస్టర్ నిండా 6బి6బి6బి6బి. ఆ డీబగ్‌లో స్లబ్ విడుదలైన మెమరీని 6బి బైట్లతో నింపుతుంది. ఆ వరుస కనబడిందంటే ఎవరో ఖాళీ గదిలోకి వెళ్లారన్నమాటే.

టైమర్_డిలీట్ క్యూలోంచి తీస్తుంది, అంతే. కాల్‌బ్యాక్ అప్పటికే వేరే సీపీయూ మీద నడుస్తుంటే పట్టించుకోదు. టైమర్_డిలీట్_సింక్ అది ముగిసేదాకా ఆగుతుంది. పాత కోడ్‌లో డెల్_టైమర్_సింక్ అని ఉండేది ఇదే. కానీ ఆ తర్వాత ఏ ఇంటరప్ట్ హ్యాండ్లరో (హార్డ్‌వేర్ పిలిస్తే నడిచే కోడ్) మోడ్_టైమర్ పిలిచి టైమర్‌ను మళ్లీ పెడితే కథ మళ్లీ మొదటికి. అందుకే 2023లో వచ్చిన 6.2 కెర్నెల్‌లో టైమర్_షట్‌డౌన్_సింక్ చేర్చారు. ఇక ఎవరు పెట్టబోయినా టైమర్ లేవదు. డివైస్ తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో నేను కళ్లు మూసుకుని ఇదే వాడతాను, కేఫ్రీ ఆ తర్వాతే. ఒకటే జాగ్రత్త: కాల్‌బ్యాక్ తీసుకునే లాక్‌ను పట్టుకుని సింక్ పిలవకండి. అది లాక్ కోసం, మీరు దాని కోసం చూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

రస్ట్ భాషలో ఈ బరువు చాలావరకు కంపైలర్ నెత్తిన పడుతుంది. 2025లో 6.15 కెర్నెల్‌లో చేరిన హెచ్ఆర్‌టైమర్ (మరింత కచ్చితమైన టైమర్) రస్ట్ ఇంటర్‌ఫేస్‌లో స్టార్ట్ చేయగానే ఒక హ్యాండిల్ చేతికొస్తుంది. అది డ్రాప్ అయితే, అంటే దాన్ని పట్టుకున్నవాళ్లు లేకపోతే, టైమర్ రద్దవుతుంది, నడుస్తున్న కాల్‌బ్యాక్ ముగిసేదాకా ఆగుతుంది కూడా. మా టీమ్‌లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు ఓ రోజు టెన్షన్‌గా వచ్చాడు. "అన్నా, టైమర్ అసలు మోగట్లేదు."

చూస్తే హ్యాండిల్‌ను "లెట్ _" లోకి వదిలాడు. ఉత్త అండర్‌స్కోర్ దేన్నీ పట్టుకోదు, హ్యాండిల్ ఆ లైన్‌లోనే డ్రాప్ అయిపోయింది. డ్రైవర్ డేటాలో ఒక ఫీల్డ్ పెట్టి దాచాక మోగింది.

ఇంటిపని: క్యూఎములో (మెషిన్‌లో ఇంకో మెషిన్ నడిపే ఎమ్యులేటర్) కాసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) ఆన్ చేసిన కెర్నెల్ బూట్ చేయండి. మాడ్యూల్ ఎక్కగానే నడిచే ఇనిట్‌లోనే 5 సెకన్ల టైమర్ పెట్టి, వెంటనే ఆ స్ట్రక్చర్‌ను కేఫ్రీ చేయండి. మాడ్యూల్‌ను మాత్రం తీయొద్దు. తీస్తే కాల్‌బ్యాక్ కోడ్ కూడా మాయమై రెండు తప్పులు కలిసిపోతాయి. కాసాన్ రిపోర్ట్‌లో మెమరీ తీసుకున్న స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుస), వదిలిన స్టాక్ రెండూ ఉంటాయి. రెండింటిలోనూ మీ ఇనిట్ పేరే కనిపించాలి.