దసరాకి కారుకి రంగు వేయాలంటే గన్ను ఆఖరున కొనండి

శ్రావణం దాటిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఆన్‌లైన్‌లో స్ప్రే గన్ను చవగ్గా ఉంది, తీసుకోమంటావా? ఆయుధ పూజ నాటికి బండి కొత్తగా కనపడాలి." ఇలా అడిగేవాళ్ల దగ్గర ఎక్కువగా పాత మారుతి 800 గానీ వేగనార్ గానీ ఉంటుంది. షెడ్డులో చెప్పిన రేటు విని, ఇంటి దగ్గరే వేసుకుందామని అనుకుంటారు. ఆ కోరికలో తప్పేం లేదు. నా బండి బానెట్టు, రెండు డోర్లు నేనే వేసుకున్నాను. కానీ అడిగిన ప్రతివాళ్లకీ ఒకటే వరస చెబుతాను. ముందు ఏ రకం రంగు వేయాలో తేల్చుకోండి. దానికి తగ్గ మాస్కు కొనండి. తర్వాత కంప్రెసర్ సంగతి చూడండి. గన్ను ఆఖరున.

రంగుతో ఎందుకు మొదలుపెట్టాలంటే, ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. ఈరోజు షెడ్లలో రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శక పూత, అంటే క్లియర్, చాలావరకు టూకే రకం, అంటే వాడే ముందు హార్డెనర్ కలపాల్సినది. పీయూ (పాలీయురెథేన్) ప్రైమర్ కూడా అంతే. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. గన్నులోంచి వచ్చిన పొగమంచు లాంటి తుంపరతో పాటు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చర్మంలోంచి, కళ్లలోంచి కూడా ఎక్కుతాయి. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత చాలా కొద్దిగా తగిలినా ఉబ్బసం వస్తుంది. మాకు తెలిసిన షెడ్డులో ముప్పై ఏళ్లు గన్ను పట్టిన పెద్దాయన ఉన్నారు. ఇప్పుడు పక్క గదిలో ఎవరైనా హార్డెనర్ మూత తీసినా ఆయనకి ఛాతీ పట్టేస్తుంది. పని మానేసి బయట బల్ల మీద కూర్చుని కుర్రాళ్లకి సలహాలు చెబుతారు. ఆయన పక్కన కూర్చుని ఆ ఊపిరి చప్పుడు విన్నాక నేను టూకే జోలికి ఇంట్లో పోలేదు.

ముఖానికి కట్టుకునే చేతిరుమాలు, కోవిడ్ రోజుల్లో కొన్న ఎన్95 మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపవు. అవి దుమ్ముకు, అంటే ఎమరీ పేపర్‌తో లప్పం రుద్దేటప్పుడు పనికొస్తాయి. హార్డెనర్ అక్కర్లేని మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటుకైతే సేంద్రియ ఆవిరిని పీల్చుకునే బొగ్గు కార్ట్రిడ్జి, దాని మీద తుంపరను ఆపే ఫిల్టరు ఉన్న రబ్బరు మాస్కు కావాలి. పెట్టుకున్నాక కార్ట్రిడ్జిలను అరచేతులతో మూసి గాలి లోపలికి పీల్చండి. మాస్కు ముఖానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. ఆ వారం గీసేయండి. టూకేకి ఈ మాస్కూ సరిపోదు. ఐసోసయనేట్లకి చెప్పుకోదగ్గ వాసన లేదు కాబట్టి కార్ట్రిడ్జి అయిపోయిన సంగతి మీకు తెలియదు. బయటి నుంచి పైపుతో మంచి గాలి అందించే మాస్కు ఉండాలి, అది ఇంటి పనికి కొనేది కాదు. టూకే క్లియర్ స్ప్రే డబ్బాల్లో వచ్చినా అదే ప్రమాదం. డబ్బా చిన్నదని ఏమరకండి.

నా సలహా ఇది. మీ బండి తెలుపో ఎరుపో, మెటాలిక్ కాని రంగైతే ఇంట్లో ఎన్‌సీ వేసుకుని వాటర్ పేపర్, రబ్బింగ్ పాలిష్‌తో మెరుపు తెచ్చుకోండి. మెటాలిక్ అయితే లప్పం పని, రుద్దుడు, ఎన్‌సీ ప్రైమర్ వరకు మీరు చేసుకుని, రంగూ క్లియరూ బూత్, అంటే రంగు వేసే ప్రత్యేక గది, ఉన్న షెడ్డులో వేయించండి. ఖర్చులో పెద్ద భాగం కూలీయే కాబట్టి అప్పటికీ మిగులుతుంది. పాత రంగే వేయండి. రంగు మారిస్తే ఆర్‌టీఓ ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో మార్పించుకోవాలి.

మన వడ్రంగులు ఇప్పటికీ గన్నుతో వేసే రంగును డ్యూకో అంటారు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన నైట్రోసెల్యులోజ్ రంగు పేరు అది. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది. ఇది గంటల్లో ఆరిపోయింది. బ్రష్షు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వచ్చేలోపే గట్టిపడిపోతుంటే గన్ను తప్పనిసరైంది. ఆ ఎన్‌సీ రంగు గుణమే వానాకాలంలో మనల్ని ఇబ్బంది పెడుతుంది. థిన్నర్ గబగబా ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది. బయట 28 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం ఉందనుకోండి. రేకు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద మంచు పట్టేస్తుంది. ఆ నీరు తడి రంగులో చిక్కుకుని పాలు పోసినట్టు తెల్లగా మారుతుంది. నా ఎడమ డోరు అలాగే పాడైంది. భాద్రపదంలో సాయంత్రం ఆరింటికి వేశాను, ఆరున్నరకి హ్యాండిల్ కింద అరచేయంత తెల్లటి మచ్చ. మొత్తం రుద్ది మళ్లీ వేయాల్సి వచ్చింది.

అందుకే దసరా ముందు వేసేవాళ్లు వాన వెలిసిన మర్నాడు ఎండ బాగా కాసే రోజు చూసుకుని, పదింటి నుంచి మూడింటిలోపు ముగించండి. రిటార్డర్ కలిపితే థిన్నర్ నెమ్మదిగా ఎగురుతుంది, కొంత మేలు. నన్నడిగితే కార్తీకం దాకా ఆగమంటాను. ఈసారి పండక్కి బండి కడిగి నిమ్మకాయలు కట్టి, రంగు సంక్రాంతికి వేసుకోండి. నడి వేసవి కూడా వద్దు. 42 డిగ్రీల ఎండలో తుంపర రేకును చేరేలోపే ఆరిపోయి గరుకుగా అంటుకుంటుంది.

ఇక కంప్రెసర్. గన్ను డబ్బా మీద ఎంత గాలి కావాలో రాసి ఉంటుంది, కొన్నింటికి సీఎఫ్ఎంలో (నిమిషానికి ఘనపుటడుగులు), కొన్నింటికి నిమిషానికి లీటర్లలో. లీటర్లను 28తో భాగిస్తే సీఎఫ్ఎం వస్తుంది. ఒక హెచ్‌పీ మోటారు నిజంగా ఇచ్చే గాలి మూడు, నాలుగు సీఎఫ్ఎం మాత్రమే. కంప్రెసర్ మీద ఇంకా పెద్ద అంకె కనపడుతుంది, కానీ అది తరచుగా పిస్టన్ పరిమాణం లెక్క, గొట్టంలోంచి వచ్చే గాలి లెక్క కాదు. అసలు వచ్చే గాలి ఎంతని షాపులో అడగండి. రెండు హెచ్‌పీ కంప్రెసర్‌కి 12 సీఎఫ్ఎం తాగే గన్ను తగిలిస్తే, బానెట్టు సగం దాకా బాగానే వస్తుంది. అక్కడి నుంచి గాలి పడిపోయి చుక్కలు చుక్కలుగా ఉమ్మేస్తుంది. ట్యాంకు పెద్దదైతే ఇంకాసేపు లాగుతుంది, అంతే.

హెచ్‌వీఎల్‌పీ, అంటే ఎక్కువ గాలి తక్కువ ఒత్తిడి గన్నుల మంచితనం నిజమే. మూతి దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ దాటకుండా, ఎక్కువ గాలితో మెల్లగా తోస్తాయి. రంగులో 65 శాతమైనా రేకు మీద పడుతుంది. మామూలు గన్నులో సగానికి పైగా గాలిలో కలుస్తుంది. పీల్చే తుంపర తగ్గుతుంది, ఎదురింటి స్కూటీ మీద, మేడ మీద ఆరేసిన బట్టల మీద పడేదీ తగ్గుతుంది. కానీ వీటిలో చాలా గన్నులు పది నుంచి పదిహేను సీఎఫ్ఎం అడుగుతాయి. ఇంటి కంప్రెసర్ రెండు హెచ్‌పీ అయితే తక్కువ గాలితో నడిచే ఎల్‌వీఎల్‌పీ గన్నో, ఆరేడు సీఎఫ్ఎం చాలే చిన్న గ్రావిటీ గన్నో తీసుకోండి. కప్పు పైన ఉండేదే మేలు. కింద డబ్బా ఉండే పాత సక్షన్ గన్నులు రంగును పైకి లాగడానికి ఎక్కువ ఒత్తిడి కోరతాయి, అడుగున రంగు మిగిలిపోతుంది. రంగుకు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్, ప్రైమర్‌కు 1.7 నుంచి 2.0. నాజిల్, సూది స్టెయిన్‌లెస్ స్టీలువేనా, విడిగా దొరుకుతాయా అడిగి కొనండి. కరెంటుతో నేరుగా నడిచే చవక గన్నులు గోడలకి, గేట్లకి సరే, కారు మీద మాత్రం నారింజ తొక్కలా గుంటలు గుంటలు వస్తుంది. గోడల ఎయిర్‌లెస్ మిషన్ల జోలికి అసలు పోకండి. రెండు, మూడు వేల పీఎస్ఐ ఒత్తిడితో వచ్చే రంగు వేలికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న గాటులా కనపడుతుంది గానీ ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే వేలే తీసేయాల్సి రావచ్చు.

కొన్న రోజే కారు మీద పెట్టకండి. గోడకి పాత పేపరు అంటించి, జానెడు కంటే కాస్త తక్కువ దూరం నుంచి ఒక్క క్షణం నొక్కండి. పడిన మచ్చ నిలువుగా పెట్టిన దోసగింజలా ఉండాలి. నడుమ సన్నగా, రెండు కొసలూ లావుగా ఉంటే గాలి ఎక్కువైంది. నడుమే ముద్దగా ఉంటే గాలి చాలలేదు, లేదా రంగు చిక్కగా ఉంది. అరటికాయలా ఒక పక్కకి వంగితే ముందున్న క్యాపును సగం తిప్పి మళ్లీ నొక్కండి. వంపు కూడా తిరిగితే క్యాపు రంధ్రం మూసుకుంది, తిరక్కపోతే తప్పు నాజిల్‌ది. గేజీలో అంకెను ట్రిగ్గర్ నొక్కి ఉంచి చూడండి, వదిలేసినప్పటి అంకె ఎందుకూ పనికిరాదు.

గొట్టంలో నీరు మన ఊళ్లలో పెద్ద తంటా. పని మొదలుపెట్టే ముందు కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న నీరు వదిలే బిళ్ల తిప్పండి. వానాకాలంలో టీ రంగు తుప్పునీరు బుస్సుమని వస్తుంది. అదంతా గన్నులోకి వెళ్లేదే. నీటి ఫిల్టరును కంప్రెసర్‌కి ఆనించి పెట్టవద్దు, అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు విడిపోదు. ఎనిమిది, పది మీటర్ల గొట్టం తర్వాత పెట్టండి. ఆ పొడవాటి గొట్టంతో కంప్రెసర్‌ను తుంపర చేరని చోట ఉంచడమూ కుదురుతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో కంప్రెసర్‌ను దూరం లాగితే వోల్టేజి పడిపోయి మోటారు కాలిపోతుంది.

దూరం ఎందుకంటే కంప్రెసర్ స్విచ్ పడినప్పుడల్లా లోపల నిప్పురవ్వ లేస్తుంది. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు. కంటికి కనపడకుండా నేల మీద పాకుతూ పోతుంది, ఎక్కడో నిప్పు దొరికితే అక్కడి నుంచి మంట వెనక్కి వస్తుంది. మొదలుపెట్టే ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. వంటింటి స్టవ్, మెట్ల కింద ఇన్వర్టర్, తులసికోట దీపం, అగరొత్తి, పక్కింటి తాతయ్య చుట్ట, అన్నీ చూసుకోండి. పిల్లల్ని ఆ పూటకి అమ్మమ్మగారింటికి పంపేయండి. షట్టర్ దించి వేయకండి. దుమ్ము పడకుండా నేల మీద నీళ్లు చల్లి, రెండు వైపులా గాలి ఆడేలా తెరిచి పెట్టండి. ఫ్యాను తుంపరకి ఎదురుగా వద్దు.

పని అయ్యాక గన్ను కడిగేటప్పుడు చాలామంది మాస్కు తీసేస్తారు. అప్పుడూ థిన్నర్ బాగానే పీలుస్తారు, ఉంచుకోండి. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, పల్చటి రబ్బరువి థిన్నర్‌కి పాడైపోతాయి. గన్ను మొత్తం థిన్నర్‌లో నానబెడితే వాషర్లు ఉబ్బి పాడవుతాయి. కప్పులో కొంచెం పోసి, కుదిపి, వదిలి, నాజిల్‌ని మెత్తటి బ్రష్షుతో తుడవండి. రంధ్రంలో పిన్నీసు పెట్టి పొడిచారంటే ఇక దోసగింజ రాదు. ఒంటిమీది దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదుకోకండి. రంగు గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేయకుండా బయట విడివిడిగా ఆరేయండి. మిగిలిన థిన్నర్ కాలువలో పోయకుండా మూత గట్టిగా పెట్టి ఉంచండి, మడ్డి కిందికి దిగాక పైన తేరేది మళ్లీ గన్ను కడగడానికి వస్తుంది.