ట్రాలీ హబ్‌లోకి బురద నీరు రాకుండా

నాట్ల కాలంలో నారు మోసే మా ట్రాలీకి చక్రాల బేరింగులు నిలిచేవి కావు. హబ్ (బేరింగులు కూర్చునే చక్రం మధ్యభాగం) విప్పితే గ్రీజు మజ్జిగలా తెల్లబడి, రోలర్ల మీద తుప్పు మచ్చలు. రోడ్డు మీద వేడెక్కిన హబ్ కాలువలో దిగగానే చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుని, ఇరుసు చుట్టూ నీటిని ఆపే రబ్బరు సీలు అంచు కిందుగా నీటిని లోపలికి లాగుతుంది.

కొత్త హబ్‌కు ఒంటి అంచు సీలు బదులు క్యాసెట్ సీలు పెట్టాను. దాని అంచులు సొంత స్లీవ్ (లోహపు తొడుగు) మీదే తిరుగుతాయి కనుక ఇరుసు అరగదు. మూతకు రబ్బరు రింగు వేశాను. గ్రీజును బేరింగుల్లో బాగా దట్టించి, హబ్ మధ్య కొంత ఖాళీ వదిలాను. నిండా కూరితే వేడికి ఉబ్బి సీలునే నెట్టేస్తుంది. అన్నిటికన్నా బేరింగులను పట్టి ఉంచే ఇరుసు నట్టు బిగింపు ముఖ్యం. చక్రం ఊగితే ఎంత ఖరీదైన సీలైనా ఒక పక్కే అరిగి కారుతుంది. నాట్లయ్యాక విప్పి చూస్తే గ్రీజు రంగు మారలేదు.