టిఫిన్ బాక్సులో అరలకి అరటాకు

మా పాపకి కూరొచ్చి అన్నంలో కలిసిపోయిందంటే ఇంక ముట్టుకోదండి, సాయంత్రం మూత తీస్తే అంతా అలాగే ఉంటది. అరలున్న బెంటో డబ్బా కొందామనుకుని రేటు చూసి ఊరుకున్నా. అయినా మన కోనసీమలో అరటాకుకి కరువేంటండి! జానెడు ముక్క కోసి, లావుపాటి ఈనె తీసేసి, స్టవ్ మంట మీద అటూ ఇటూ ఓ పది సెకన్లు చూపిస్తే రంగు ముదిరి మెత్తబడుద్ది, ఇంక ఎలా మడిచినా చిరగదు, దాన్ని దొప్పలా చేసి మామూలు స్టీలు బాక్సులోనే రెండు మూడు ఇరికించేయడమే. ఒకదాంట్లో నిమ్మకాయంత పులిహోర ఉండలు, దానికి గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి కాస్త మెత్తగా వండాలి, పొడిపొడిగా ఉంటే ఉండ కట్టదు. ఇంకోదాంట్లో దుంపల వేపుడు, మూలకి కొబ్బరి ముక్కా చిన్న బెల్లం గడ్డా. ఉండకి రెండు వేరుశనగ గుళ్ళు కళ్ళలా గుచ్చితే మాది ముందు ఆ కళ్ళే పీక్కుని తింటది. అన్నీ చల్లారాకే సర్దండి.

సాంబారుకీ పెరుగన్నానికీ మాత్రం ఇది పనికిరాదు, మడతల్లోంచి కారిపోద్ది, ఓసారి లెక్కల పుస్తకం తడిసింది కూడా.